పేలడం ఒక్క ఫ్రేమే

రాయదుర్గంలో మెట్రో ఎక్కితే సీటు దొరుకుతుంది. బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి. పోయిన మంగళవారం సాయంత్రం అలాగే ఎక్కి ఓ మూల కూర్చున్నాను. పక్కన మెడలో ఐడీ కార్డు వేలాడేసుకున్న ఒకాయన ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నాడు. పక్కవాళ్ల ఫోన్‌లోకి తొంగిచూడటం మంచి అలవాటు కాదు. అయినా చూశాను.

చేతిసంచీ పట్టుకున్న ఒక ముసలాయన కోటగోడ దాకా నడిచి వెళ్లాడు. ఆగాడు. ఎడమచెయ్యి దవడ మీదికి పోయింది. రెండుసార్లు రుద్దుకున్నాడు. ఎవరో పిలిచినట్టు తల పైకెత్తాడు. కుడిచెయ్యి గోడ కోసం వెతుక్కుంది, గోడ దొరికింది, మనిషి దాని వెంబడే మెల్లగా కిందికి జారాడు. ఆ తర్వాత పేలిపోయాడు. గోడ కూలింది. పక్కాయన ముసలాయన బొమ్మ మీద మళ్లీ నొక్కాడు. ముసలాయన మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.

హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేలోపు అన్న నాలుగుసార్లు పోయాడు.

నాకేమీ అనిపించలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ ఎలా ఉంటుందో ఏడాదిగా నేను అలా ఉన్నాను. బుగ్గ ఉంటుంది గానీ మనది కాదు. ఆ ముసలాయన మీసం, సంచీ, వంగిన నడుము ఎవరో విదేశంలో కూర్చుని గీసినవి. కదలిక మాత్రం అన్నది. దాన్ని కంప్యూటర్లో ఒక్కో ఫ్రేమూ పేర్చి ఆ బొమ్మకు తొడిగింది నేను.

అదే రోజు పొద్దున వదిన ఫోన్ చేసింది. అన్న భార్య. పాపకు నాన్న గొంతు మరుపున పడుతోందట. ఆఫీసులో ఆయన నటించి చూపించేటప్పుడు మీరు వీడియోలు తీసేవాళ్లు కదా, అవన్నీ తెచ్చిపెట్టమంది. ఆదివారం తెస్తానన్నాను. అన్నీ తెస్తానన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది, అందులో ఒకటి తీసుకెళ్లే వీల్లేనిదని. దాన్ని ఇస్తే అన్న ఎలా పోయాడన్న విషయంలో నేను వదినకు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. ఇవ్వకపోతే, అన్న గురించి నాకు మాత్రమే తెలిసినదొకటి నా పాత ఫోన్‌లో అలాగే ఉండిపోతుంది. ఆదివారం దాకా నేను చేసిందల్లా ఈ రెంటి మధ్యా కూర్చోవడమే.

అన్నకు పేరుంది. జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా వాడేవాళ్లం కాదు. మా ఫ్లోరులో అందరికన్నా ఓ పదిహేనేళ్లు పెద్ద, అందుకని అందరికీ అన్నే. మా మేనేజరు కూడా మెయిల్లో ఒకసారి అన్న అని రాసి, తర్వాత దిద్దుకున్నాడు. అనంతపురం వైపు మనిషి. పొడుగు, సన్నం, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఎండాకాలం కూడా స్వెటరు వేసుకునేవాడు. ఏసీ గాలి నేరుగా తన వెన్నులోకే వదులుతున్నారని ఆయన అనుమానం. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పన్ను నొప్పి అనేవాడు. లిఫ్టులో ఆయన ఎక్కి దిగిపోయాక కూడా లవంగం వాసన మిగిలేది, అన్న వచ్చేశాడని మాకు అలా తెలిసేది.

మేము చేసేది బొమ్మలకు నడక నేర్పే పని. బయటి దేశపు కంపెనీ ఒకటి ఫోన్ గేమ్ తయారు చేస్తూ అందులో మనుషుల కదలికలు మాకు అప్పగించింది. ఆ గేమ్‌లో కత్తులు, తుపాకులు ఉండవు. మనుషులే బాంబులు. ఒక వంటవాడు, ఒక పహిల్వాను, బాకా ఊదే బ్యాండు మేళం ఆయన, గొడుగు పట్టుకున్న లావుపాటి ఆవిడ. అందరూ కోటగోడ దాకా నడిచి వెళ్తారు, ఆగుతారు, ఒళ్లు పేల్చుకుంటారు. మంట, పొగ, చెల్లాచెదురైన ఇటుకలు వేరే టీమ్ చేస్తుంది. నడవడం, ఆగడం, పేలేముందు చూసే చూపు మా పని.

ఆ బొమ్మలు మొదటిసారి స్క్రీన్ మీద చూపించినప్పుడు మేమంతా పడీపడీ నవ్వాం. అన్న నవ్వలేదు. చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగాడు.

“పేలిపోతామని వీళ్లకు తెలుసునా, తెల్దా?”

మేనేజరు ఆ ప్రశ్నను మెయిల్లో పెట్టి క్లయింటుకు పంపాడు. అది ఆటకు అవసరం లేని విషయమని వాళ్లు రాశారు. అన్న దాన్ని రెండుసార్లు చదువుకుని, అయితే తెలుసనే పెట్టుకుందాం అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి పాత్రకూ ఆయన టిఫిన్ పెట్టడం మొదలుపెట్టాడు. ఈయన పొద్దున ఏం తిన్నాడు, ఈమె రాత్రి నిద్ర పోయిందా లేదా, చెప్పులు కొత్తవా పాతవా. పసుపు రంగు చీటీల మీద రాసి మానిటరు చుట్టూ అంటించేవాడు. వంటవాడి చీటీ నాకింకా గుర్తు: ‘ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కడుపు నిండా తిన్నాడు. తొందర లేదు.’ ఆ వంటవాడు నిజంగానే గోడ దగ్గరికి తొందర లేకుండా వెళ్తాడు, పేలేముందు ఒకసారి త్రేన్చుతాడు. గేమ్ ఆడే జనానికి ఆ త్రేన్పు ఎంత నచ్చిందో చెప్పలేను. వాళ్లకేం తెలుసు, అది మా కాంటీన్‌లో రోజూ మధ్యాహ్నం రెండింటికి వినిపించే త్రేన్పే.

మేం తొందరపడి పేలుడు దాకా పరిగెత్తితే ఆయన మా కుర్చీ వెనకాల నిలబడి ఒక్కటే మాట అనేవాడు.

“పేలడం ఒక్క ఫ్రేమే అప్పా. మిగిలిందంతా మనిషే.”

రోజూ ఇంతమందిని పేల్చే మనిషికి చప్పుడంటే పడదు. ఆఫీసులో ఎవరిదైనా పుట్టినరోజైతే బెలూన్లు కడతారు కదా, కేకు కోశాక వాటిని పగలగొట్టడం మా వాళ్లకు సరదా. కేకు ముక్క చేతికి రాగానే అన్న మెల్లగా తలుపు తీసుకుని కారిడార్‌లోకి జారుకునేవాడు. అద్దంలోంచి కనిపించేవాడు, కేకు తింటూ, గోడవైపు తిరిగి. ఒకసారి నేనే కావాలని ఆయన వెనకగా వెళ్లి ఒక బెలూన్ పేల్చాను. కోప్పడలేదు. చేతిలో ప్లేటు కింద పడింది. అదంతా వంగి ఏరుకుని, కాయితంతో నేల తుడిచి, ఇంకోసారి చెయ్యొద్దని మాత్రం అన్నాడు. ఆ రోజంతా నాకు నా మొహం చూసుకోబుద్ధి కాలేదు.

మా ఆఫీసు వెనక ఇంకో టవరు లేస్తోంది. అక్కడ పునాదికి బండ అడ్డం వచ్చింది. ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా అంతే, జానెడు మట్టి, కింద బండ. మధ్యాహ్నం పూట బండ పేల్చేముందు ఈల వేసేవాళ్లు, పొడుగ్గా. ఆ ఈల వినగానే అన్న కీబోర్డు మీంచి చేతులు తీసి, ఎదురుగా ఉన్న టీ కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టేవాడు. మాట మధ్యలో ఉంటే మాట అక్కడే ఆపేవాడు. అటు పేలేది, కిటికీ అద్దాలు ఒకసారి జివ్వుమనేవి, కప్పులో టీ వణికేది. అప్పుడు చేతులు తీసి, ఆపిన మాట ఆపిన చోటే అందుకునేవాడు. మేమెవరమూ ఆ ఈల పట్టించుకునేవాళ్లం కాదు. చెవుల్లో హెడ్‌ఫోన్లు.

వంటవాడి షాటును క్లయింటు రెండుసార్లు తిప్పికొట్టినప్పుడు నేను డీలా పడ్డాను. అది నేను చేసిన షాటు. అన్న సాయంత్రం తన స్కూటరు మీద నన్ను ఖాజాగూడ గుట్టల దగ్గరికి తీసుకెళ్లాడు. బండల మీద ఎక్కి కూర్చున్నాం. కింద చెరువు, చుట్టూ మా ఆఫీసుల్లాంటి ఆఫీసులు. టిఫిన్ డబ్బాలో మిగిలిన ఉగ్గాని ఇద్దరం తిన్నాం. ఎక్కడో ఈల వినిపించింది. ఆయన డబ్బాకు మూత పెట్టి రెండు చేతులూ దాని మీద వేశాడు. దూరంగా పేలింది. మూత తీశాడు.

నువ్వు బాంబును చేస్తుండావు, మనిషిని చెయ్యడం లేదు అన్నాడు. తర్వాత తమ ఊరి క్వారీ సంగతి చెప్పాడు. ఆయన తన ఊరి గురించి నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

“తూటా పెట్టి వత్తి ముట్టించినోడు పరిగెత్తడప్పా, నడిచే వస్తాడు. బండ చాటున కూసున్నోడు నవ్వుకుంటా బీడీ అడుగుతాడు. ఒకడికి తెలుసు. పక్కనోడికి తెల్దు. ఆ ఇద్దరి మధ్యలో ఉండేదే షాటు.”

మర్నాడు నేను ఆ వంటవాడి పక్కన ఏమీ తెలియని ఒక పిల్లిని పెట్టాను. షాటు పాసైంది. ఆ మాట నేను తర్వాత చేరిన కొత్తవాళ్లకు చాలామందికి చెప్పాను, నా మాటలాగే చెప్పాను.

ఇక వీడియోల సంగతి. మా పనిలో అందరూ చేసేదే ఇది, బొమ్మను కదిలించే ముందు మనం కదిలి, దాన్ని ఫోన్‌లో తీసుకుని, చూస్తూ పని చేస్తాం. మేమైతే ఏదో సిగ్గుపడుతూ రెండడుగులు వేసి సరిపెట్టేవాళ్లం. అన్న అలా కాదు. ఎవరూ వాడని చిన్న మీటింగు రూము ఒకటుంది, అందులో కింద పాత పరుపు వేసి ఉంచాం. స్వెటరు విప్పి కుర్చీకి తగిలించి, గోడకేసి నడిచి, ఆగి, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేదాకా ఉండి, పరుపు మీద పడేవాడు. పడిన మరుక్షణం తల ఎత్తి, ఫోన్ పట్టుకున్న నావైపు చూసి అడిగేవాడు.

“వచ్చిందాప్పా?”

వచ్చిందన్నా అనేదాకా లేవడు. ఆ మాట ఆయనకు అన్నిటికీ ఊతపదం. మూడడుగుల దూరంలో ఉన్న నాకు మెయిలు పంపి వచ్చిందాప్పా అని అడుగుతాడు. లిఫ్టు బటన్ నొక్కి, తలుపులు తెరుచుకుంటుండగా, వచ్చిందాప్పా. పరుపు మీంచి అలా తలెత్తి చూసే చూపు కూడా ఆయన బొమ్మల్లోకి వచ్చేసింది. గమనించి చూడండి, ఆ గేమ్‌లో దాదాపు అందరూ పేలేముందు ఒక్క క్షణం ఆడేవాళ్ల వైపు చూస్తారు. క్లయింటు దాన్ని తెగ మెచ్చుకున్నాడు.

చేతిసంచీ ముసలాయన ఆఖరి పాత్ర. మూడుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి వాళ్లు రాసింది ఇంతే: చాలా బాగా నటిస్తున్నాడు, నటన వద్దు. ఆ గురువారం మధ్యాహ్నం అన్న ఆ మెయిలు ప్రింటు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రా అప్పా, మళ్లీ తీద్దాం అన్నాడు. ఫోన్ నిలబెట్టే స్టాండు విరిగిపోయింది, అందుకని చేత్తో పట్టుకున్నాను.

మొదటి టేకు బాగానే ఉంది. వచ్చిందాప్పా. రెండోది, మూడోది. ప్రతిసారీ కుడిచెయ్యి గుండె మీద వేసుకుంటున్నాడు, సినిమాల్లో వేసుకున్నట్టు. అదే వద్దంటున్నారన్నా అన్నాను. సరేలే అన్నాడు. చెమట పట్టి ఉంది. ఏసీ గాలి వెన్నుకు తగులుతోందని నిత్యం గొణిగే మనిషికి చెమటేమిటని నాకు తట్టలేదు. నాలుగో టేకుకు గోడ దాకా నడిచాడు. ఆగాడు. ఎడమచెయ్యి దవడ మీదికి పోయింది. రెండుసార్లు రుద్దుకున్నాడు. తల ఎత్తాడు, నావైపే గానీ నన్ను చూడలేదు. కుడిచెయ్యి గోడను వెతికి పట్టుకుంది. జారాడు.

నేను తీస్తూనే ఉన్నాను. ఇన్నాళ్లకు పడింది షాటు అనుకున్నాను. ఒళ్లు జలదరించింది, నిజం చెబుతున్నాను, ఆనందంతో. అప్పుడు అన్నాను.

“కిరాక్ అన్నా. ఇంకొక్కటి చేద్దాం.”

వచ్చిందాప్పా అంటాడని చూశాను. అనలేదు. పాత్రలోనే ఉన్నాడనుకుని ఇంకొంచెం సేపు తీశాను. తర్వాత ఆపి, ముందు వీడియో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నాను. ఆ తర్వాత ఆయన్ని చూశాను.

వీడియో నిడివి నలభై ఒక్క సెకన్లు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదన్నారు, గుండెపోటట. ఆ సెకన్లలోనే కేక వేసి ఉంటే ఏమయ్యేదని నేను డాక్టర్ని అడగలేదు. అడిగితే చెప్తాడని భయం.

అక్కడ బెంచీ మీద వదిన, ఆమె పక్కన స్కూలు యూనిఫారంలో పాప. మేనేజరు నన్ను అడిగాడు, పడినప్పుడు ఎవరున్నారని. నేను టీ కోసం పోయాను సార్, వచ్చేసరికి పడి ఉన్నాడు అన్నాను. ముందుగా అనుకుని చెప్పింది కాదు. నోరు తనంతట తనే చెప్పింది. వదిన అది విని తల ఊపింది. హెచ్ఆర్ వాళ్లు అదే రాసుకున్నారు. సాయంత్రానికి అది జరిగిన సంగతైపోయింది, తర్వాత మార్చడానికి నాకు నోరు రాలేదు.

రెండు రోజులు సెలవిచ్చారు. మూడో రోజు క్లయింటు నుంచి మెయిలు, సంతాపం చెప్పి, కింద ముసలాయన షాటు ఎప్పుడిస్తారని. చూసి చెయ్యడానికి ఇంకెవరి దగ్గరా రెఫరెన్సు వీడియో లేదు. నేను నాలుగో టేకు తెరిచాను. శబ్దం తీసేశాను. ఫ్రేము ఫ్రేముగా ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, వేళ్లు ఎలా వంగాయో మొత్తం బొమ్మలోకి దింపాను. రెండు రోజుల పని. మొదటిసారి ఒక్క వంకా పెట్టకుండా షాటు పాసైంది. మా టీమ్‌కు మెచ్చుకోలు మెయిలు వచ్చింది. దాన్ని నేను చదివి, మూసి, భోజనానికి వెళ్లాను. పప్పు, దొండకాయ వేపుడు. ఇలాంటివి గుర్తుంటాయి.

అసలు ఎందుకు వాడానని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. గడువు ఉందని ఒక జవాబు. అన్న చేసిన పనిలో అదే మేలైనదని ఇంకొకటి. రెండూ నిజాలే. రెండూ ఎందుకూ పనికిరావు.

ఆదివారం మదీనాగూడలో వదిన వాళ్లింటికి వెళ్లాను. హైవే పక్క సందులో పాత అపార్టుమెంటు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పెన్‌డ్రైవ్‌లో వీడియోలన్నీ ఎక్కించుకెళ్లాను, ఆ ఒక్కటీ తప్ప. పాత ఫోన్ కూడా జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే చెప్పలేను, పెట్టుకున్నాను అంతే.

వదిన దగ్గర్లోని స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా అదే తీరు, ఏదీ తొందరపడి అనదు. స్టీలు గ్లాసులో టీ ఇచ్చి, లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పాపకు తొమ్మిదేళ్లు. మొదటి వీడియోలో అన్న పరుపు మీద దబ్బున పడి వచ్చిందాప్పా అనగానే పాప నవ్వింది. రెండోదానికి ఆయనతో పాటే అంది. నాలుగో వీడియోకు వచ్చేసరికి ఆయనకన్నా ముందే అంటోంది. వదిన నవ్వలేదు గానీ, కొంగు వేలికి చుట్టుకుంటూ అన్నీ చూసింది. చప్పుడుకు భయపడే మనిషి ఎంత చప్పుడు చేస్తున్నాడో చూడు అంది.

అన్నీ అయ్యాక పాప వాళ్లమ్మ ఫోన్ తెచ్చి ఆ గేమ్ తెరిచింది. ఒక్కొక్కరినీ నడిపించి నాకు చూపించింది. ఈ వంటాయన నాన్న, గొడుగావిడ నాన్న, పహిల్వాను కూడా నాన్నే. చేతిసంచీ ముసలాయన దగ్గర ఆగింది.

“ఈ తాత మాత్రం నాన్న కాదు బాబాయ్.”

ఎందుకు కాదని అడిగాను. నాన్నయితే ఆఖర్లో మనల్ని చూస్తాడు, ఈ తాత చూడడం లేదు అంది. లెక్కల టీచరు కూతురు. నేను టీ గ్లాసు వైపు చూశాను. వదిన పాపను కింది అంతస్తులో స్నేహితురాలి దగ్గర కాసేపు ఆడుకోమని పంపింది. తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

ఆ ముసలాయన కూడా మీ అన్నేలే అంది. గేమ్ వచ్చిన వారంలోనే చూశానంది. రోజూ ఈ మెట్లెక్కి వచ్చేటప్పుడు రెండో అంతస్తు మలుపులో ఆగేవాడట. ఎడమచెయ్యి దవడకు పోయేదట, రెండుసార్లు రుద్దుకునేవాడట. పన్ను అనేవాడట. పళ్ల డాక్టరుకు చూపిస్తే పన్ను బాగానే ఉందన్నాడట. ఇట్ల చేస్తుండావు అని ఆమె అంటే, నేనెప్పుడు చేసినానని నవ్వేసేవాడట.

“తను అట్ల చేస్తాడని తనకే తెల్దు. తెలియనిది నటించలేడు. ఈడ తప్ప యాడా చేసింది లేదు. మరి నీకు యాడ దొరికింది?”

ఆమె ఆగింది. ఆగి, లెక్కలో తర్వాతి మెట్టుకు వచ్చింది.

“నువ్వు టీకి పోయినానంటివి.”

లేదని ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆయన ఇంకోసారి ఎప్పుడో చేసి చూపించాడని చెప్పొచ్చు. అప్పటికే నోట్లో ఆ అబద్ధం తయారుగా ఉంది కూడా. కానీ ఈసారి నోరు వినలేదు.

“పోలే వదినా. ఆడనే ఉన్న. వీడియో తీస్తున్న.”

మిగతాదంతా నేల చూస్తూ చెప్పాను. నాలుగు టేకుల సంగతి, నలభై ఒక్క సెకన్ల సంగతి, ముందు వీడియో చూసుకుని తర్వాత ఆయన్ని చూసిన సంగతి, దాన్నే బొమ్మకు దింపిన సంగతి. నేను అప్పుడు పైకి ఏమన్నానో ఆ ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెప్పి తల ఎత్తాను. తిడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె తన అరచేతులు చూసుకుంటోంది.

“అయితే ఒక్కడే లేడు,” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే మెల్లగా చెప్పింది. ఏడాదిగా ఆమెను తినేస్తున్నది ఆ మూసిన తలుపట. ఆ చిన్న రూములో ఒక్కడే కింద పడి ఎవరినైనా పిలిచాడేమో, ఎవరూ పలకలేదేమో, ఎంతసేపు అలా ఉన్నాడో అని. స్కూల్లో బోర్డు మీద లెక్క రాస్తూ కూడా అదేనట. చివరికి ఒక మనిషి మొహమన్నా కనబడిందా లేదా అని.

నన్ను నేను కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం ఈ మనిషి మీద ఏడాదంతా ఇలా కూర్చుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా మట్టుకు నేను నలభై ఒక్క సెకన్లు మోస్తున్నాననే అనుకున్నాను. సూది మందు దిగిపోయినట్టు, ఎక్కడెక్కడ ఏమేం నొప్పో ఒక్కసారే తెలిసొచ్చింది. ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. నీళ్లు తెచ్చి పెట్టి, మళ్లీ కూర్చుంది.

“చూపించు,” అంది.

అందులో నా గొంతు ఉంది వదినా అన్నాను. ఉండనీలే అంది. పక్కన మనిషి ఉండాడని తెలుస్తాది కదా అంది.

జేబులోంచి పాత ఫోన్ తీశాను. అది నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు గానీ, చూసిన ప్రతిసారీ శబ్దం తీసేసే చూశాను. ఇప్పుడు శబ్దం పూర్తిగా పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టింది. గోడవైపు నడిచే అన్న అడుగుల చప్పుడు వినిపించింది. నేను లేచి బయటికి పోలేదు. ఎదురుగా ఉన్న టీ గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టి కూర్చున్నాను.